తలెటు, తోకెటు?

మత్స్యలింగం చేతికి ఏ వస్తువు ఇచ్చినా, అది టేకు దూలమైనా తమలపాకైనా, ముందు దాన్ని వేళ్ళ వెనకవైపుతో ఒకసారి నిమిరేవాడు. కళ్ళు సగం మూసేవాడు. ఆ తరవాత అడిగే మాట ఎప్పుడూ ఒక్కటే.

"దీని తలెటు, తోకెటు?"

నర్సీపట్నంలో ఈ వడ్రంగి ఇంటిపేరు తెలిసినవాళ్ళు పదిమంది ఉండరు. ఈ మాట తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. తాలూకా కచేరీలో గుమాస్తాలు కొరుకుడుపడని అర్జీని నాలుగువైపులా తిప్పి చూసి, "మత్స్యలింగానికి కబురెట్టండి" అని నవ్వుకునేవారు. చినబాబు దగ్గర గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నా ఆయన అలవాటు మానలేదు.

"ఒరే చినబాబూ, కత్తి ఎట్టే ముందు సూసుకున్నావా? తలెటు, తోకెటు?"

చినబాబు కత్తి కిందపెట్టేశాడు. "తలకి తలెటని అడిగినోడికి నాను గడ్డం గియ్యనేను. ఇంకెక్కడికైనా ఎల్లు మావా."

"తలకి కాదురా, ఎంటికకి! వాలు సూసుకోకుండా గీస్తే సర్మం లేస్తాది."

ఆ పూట మత్స్యలింగం సగం గడ్డంతో ఊరంతా తిరిగాడు. అడిగినవాళ్ళకి, అడగనివాళ్ళకి చినబాబు అజ్ఞానం గురించి చెప్పాడు. చినబాబు మాత్రం ఆ వారంలోనే, ఎవరూ చూడకుండా, గడ్డం వాలు చూసి గీయడం మొదలెట్టాడని, అప్పట్నుంచి అతని అరుగు మీద జనం పెరిగారని అంటారు.

మత్స్యలింగం లెక్కలో ప్రతి కర్రా ఒక చేప. కంటికి కనిపించని పొలుసులు దాని ఒంటి నిండా ఉంటాయి. తల నుంచి తోక వైపు నిమిరితే చెయ్యి పట్టు మీద జారినట్టు జారుతుంది. తోక నుంచి తల వైపు నిమిరితే పొలుసు లేస్తుంది. చిత్రిక తోసినా, గాడి తీసినా ఇదే ధర్మం. వాలుకు ఎదురు వెళ్ళామా, పెచ్చు ఊడి, నున్నటి అంచు కాస్తా ఎలక కొరికిన రొట్టె అయిపోతుంది. అందుకని పని మొదలెట్టేముందు ప్రతి పలక మూలా బొగ్గుతో ఒక చిన్న చేపబొమ్మ గీసేవాడు. పరికరం ఎప్పుడూ తల దగ్గర మొదలై తోక దగ్గర ముగియాలి.

ఇంత చేపల శాస్త్రం తెలిసిన మనిషి జన్మలో చేప ముక్క నోట పెట్టలేదు. సంత రోజున మాత్రం తప్పకుండా చేపల బుట్టల దగ్గరకి వెళ్ళేవాడు. ఒక్కొక్క చేపనూ తల నుంచి తోకదాకా నిమిరి, "అబ్బ, ఏం పనితనం! ఎక్కడైనా ఒక్క పెచ్చు లేచిందేటి?" అని బ్రహ్మదేవుణ్ణి మెచ్చుకుని, ఉత్త చేతులతో వెళ్ళిపోయేవాడు. చేపలమ్మే అప్పలకొండకి ఒళ్ళు మండేది.

"కొనవు, తినవు, నిమిరి ఎల్లిపోతావు! ఇది సేపా, నీ పెళ్ళామా?"

"నా పెళ్ళాన్ని ఇలా నిమిరితే సెయ్యి ఇరిసేస్తాది గదే" అనేవాడు మత్స్యలింగం, ఎంతో బాధగా.

ఇంత నిమిరి, ఇంత అడిగి పని చేసేవాడికి పని ఎప్పుడు తెమలాలి? పిల్ల పుట్టినప్పుడు ఉయ్యాల చెప్తే, ఆ పిల్ల బళ్ళో చేరేటప్పటికి అందుతుందని ఊళ్ళో మాట. తొందర ఉన్నవాళ్ళు లచ్చన్న దగ్గరకి పోయేవారు. లచ్చన్న పొద్దున్న చెట్టు చూపిస్తే సాయంకాలానికి మంచం అప్పజెప్పేవాడు. మర్నాడు ఆ మంచం మీద పడుకున్నవాళ్ళు వీపులోంచి పేళ్ళు తీయించుకుంటూ కనిపించేవారు. "కర్రకి నొప్పెడతాదని ఏడుస్తాడు గానీ మనుసులు ఎదురు సూస్తారని ఆ ముసిలోడికి ఉండదు" అని లచ్చన్న ఎద్దేవా చేసేవాడు. ఆ మాట నిజమేనని చాలామంది అనుకునేవారు. తరవాత ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన మన్మథరావు కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాడు.

పందొమ్మిది వందల ఇరవై ఏడులో బోర్డు స్కూల్లో కొత్తగా చేతిపని క్లాసు పెట్టారు. పిల్లలకి వడ్రంగం నేర్పే మేష్టరు కావాలన్నారు. వడ్రంగం తెలిసినవాడికి చదువు లేదు, చదువున్నవాడికి వడ్రంగం రాదు. చివరికి డ్రాయింగు పరీక్ష పాసైన పాపానికి మన్మథరావుని కూర్చోబెట్టారు. కాగితం మీద బల్ల గీసినవాడు కర్రతో చేయలేకపోతాడా అని పైవాళ్ళ నమ్మకం. ఉద్యోగం మాత్రం తాత్కాలికం. మాఘమాసంలో ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, తన కళ్ళ ముందు ఒక పలకలో గాడి తీయమంటారు. అంచులు పెచ్చు లేవకుండా తీస్తే ఉద్యోగం ఖాయం. లేస్తే క్లాసు ఎత్తేస్తారు, మేష్టరు ఇంటికి.

ఇల్లంటే రోలుగుంటలో మేనమామ మంగరాజు ఇల్లు. తల్లీతండ్రీ లేని మన్మథరావుని పెంచింది ఆయనే. చెడ్డవాడు కాదు. కాకపోతే "నీకు సేతకాదురా, ఇలా తే" అనే మాటను అన్నంతోపాటు మూడుపూటలా పెట్టి పెంచాడు. పగ్గానికి ముడి వేయబోతే చేతకాదు. ఎడ్లను కట్టబోతే చేతకాదు. బెల్లం పెనం దగ్గర మాత్రం ఒక పీట వేసి, "ఇక్కడ కూకుని కలుపుతుండు, ఇదైతే ఎవుడికైనా ఒస్తాది" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా, నెలకోసారి నర్సీపట్నం వచ్చినప్పుడల్లా ఆయన చెప్పేది అదే. "బెంగెట్టుకోకు. నీ పీట ఖాళీగానే ఉంది."

ఆ పీట మీదికి మళ్ళీ వెళ్ళకూడదనుకున్నాడు మన్మథరావు. పరుగున వెళ్ళి మత్స్యలింగం పాకలో పడ్డాడు.

"బాబాయ్, మూడు నెలల్లో నాకు గాడి తీయడం నేర్పాలి."

మత్స్యలింగం అతని చెయ్యి పట్టుకుని వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి నిమిరి చూశాడు. మన్మథరావు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తన తలెటో తోకెటో ఆయనకి దొరికినట్టే ఉంది.

"నేర్పుతాను బావూ. బేగి అవ్వాలని తొందరపడకూడదు."

మొదటి నెలంతా మన్మథరావు చేతికి పరికరం ఇవ్వలేదు. ఒక పనసపలక ఇచ్చాడు. తొలిపొద్దు వెలుతుర్ని పలకగా కోసినట్టు పచ్చగా ఉంది అది. నిమరమన్నాడు.

"బాబాయ్, చిత్రిక ఎప్పుడిస్తారు?"

"నిమరండి."

"పది రోజులుగా నిమురుతూనే ఉన్నాను."

"కర్ర ఏటంటంది?"

"ఏమీ అనడం లేదు."

"అయితే ఇంకా మీకు పరిసయం కానేదు. నిమరండి."

చెయ్యి అలవాటు పడిపోయింది. మన్మథరావు బళ్ళో బల్లలు నిమిరేవాడు, తలుపులు నిమిరేవాడు. ఒకరోజు స్టాఫు గదిలో ఏదో ఆలోచిస్తూ కుర్చీ అనుకుని హెడ్మాస్టరు సోమయాజులుగారి భుజం నిమిరేశాడు.

"ఏమిటోయ్ ఇది!"

"తల ఎటని..." అనేశాడు మన్మథరావు, నాలిక కరుచుకునేలోగా.

సోమయాజులుగారు వారం రోజులు అతన్ని చూస్తే చిర్రుబుర్రులాడారు. ఆ వారంలోనే మన్మథరావుకి ఒకరోజు సెలవు కావలసి వచ్చింది. అడిగితే తిట్లు తప్ప సెలవు రాలేదు. ఏడుపు మొహంతో పాకకి వచ్చాడు.

"ఎటునుంచి ఎల్లి అడిగారు?" అన్నాడు మత్స్యలింగం.

"ఎదురుగా వెళ్ళి."

"అదీ, తోక వేపునుంచి ఎల్లిపోనారు. హెడ్మాస్టారి తలెటో తెలుసునా?"

"భుజాల మీద."

"కాదు బావూ, పంచాంగం కాడ. ఆయన్ని ఇన్నేళ్ళయి సూస్తన్నాను, మంచి మనిసి. పంచాంగం సూడమని అడిగినోడు నేక దిగులెట్టుకున్నాడు. పొద్దున్నే ఎల్లి, ఏకాదశి ఎప్పుడని అడగండి. మెల్లిగా కిందికి రండి."

మర్నాడు మన్మథరావు ఏకాదశి గురించి అడిగాడు. సోమయాజులుగారి మొహం దీపం ఒత్తి ఎగదోసినట్టు వెలిగింది. ఏకాదశి, ద్వాదశి పారణ, దశమి శేషం, అన్నీ చెప్పి, చెప్పి, "నీకేమైనా పనుంటే రేపు సెలవు తీసుకోవోయ్" అని ఆయనే అన్నాడు. ఆ సాయంకాలం మన్మథరావు పనసపలకని నిమిరితే, ఎందుకో, మొదటిసారి అది ఏదో అన్నట్టు తోచింది.

రెండో నెలలో మత్స్యలింగం అతని చేతికి కత్తి ఇచ్చాడు. గాడి ఎక్కడ తీయాలో అక్కడ రెండు అంచులా ముందు కత్తితో సన్నగా గీత గియ్యాలి. "ఇంతవరకే నా పని, ఇది దాటి రాను అని కర్రకి మాటియ్యండి. మాటిస్తే అది ఒణకదు" అనేవాడు. గీత పడినచోట నార తెగి ఉంటుంది కాబట్టి పరికరం లాగినా పెచ్చు గీత దాటి రాదని మన్మథరావుకి తరవాత తెలిసింది. కర్రకి మాటివ్వడమే అతనికి బాగుందనిపించింది.

మూడో నెలలో గాడిచిత్రిక చేతికొచ్చింది. ఒక్క తోపుకి ఎంత లోతు తీయాలని అడిగాడు.

"ఉల్లిపొర."

"ఉల్లిపొర చొప్పున తీస్తే అరంగుళం గాడి ఎప్పటికవుతుంది బాబాయ్?"

"అయినప్పుడు అవుద్ది. మీకేటి, ఎక్కడికైనా ఎల్లాలా?"

రోలుగుంట వెళ్ళాల్సి వస్తుందనే కదా భయం. మన్మథరావు నోరుమూసుకుని ఉల్లిపొరలు తీశాడు. పలక చివర గాడి బయటికొచ్చే చోట అంచు ఊడకుండా మత్స్యలింగం ఒక పాత ముక్కని ఆనించి బిగించేవాడు. దాన్ని తోడుచెక్క అనేవాడు. ఊడితే ఆ ముక్క ఊడుతుంది, పలకకి ఏమీ కాదు. పనసపొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలి కాళ్ళ చుట్టూ పచ్చగా చేరేది. పాక గుమ్మంలోంచి వచ్చిన ఎండ, పొట్టు ఏదో ఎండ ఏదో తెలియకుండా కలిసిపోయేది.

ఒకరోజు మంగరాజు మామయ్య వస్తున్నాడని కబురొచ్చిన కంగారులో మన్మథరావు ఎదురు తోశాడు. చిటికెనవేలంత పెచ్చు లేచింది. మత్స్యలింగం లేచి, కండువా తల మీద వేసుకుని, వెళ్ళి అరుగు చివర కూర్చున్నాడు. ఆయన భార్య కొండలమ్మ గంజి తెచ్చి చూసి హడలిపోయింది.

"ఓలమ్మో, ఏటయింది? ఎవురు పోనారు?"

"పనసపలక" అన్నాడు మత్స్యలింగం.

"నీ దుంప తెగ! మా అమ్మ పోనప్పుడు కూడా ఇంత మొగం ఎట్టనేదు!"

గంజి చల్లారిపోయింది. ఆయన ముట్టుకోలేదు. ఆ పెచ్చుని ఎత్తి, కాస్త జిగురు రాసి, పోయినచోటే అతికించి, సాయంకాలం దాకా బొటనవేలితో అదిమిపట్టుకు కూర్చున్నాడు. మన్మథరావు ఇంటికి వెళ్తూ అనుకున్నాడు. లచ్చన్న అన్నది నిజమే. ఈయనకి ప్రపంచంలో కర్ర ఒకటే కనిపిస్తుంది.

మాఘమాసం రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారూ వచ్చారు. బళ్ళో పెద్ద హాల్లో బల్ల వేసి, దాని మీద పనసపలక పెట్టారు. ముందురోజే మత్స్యలింగం దాన్ని చిత్రిక పట్టి, మూల చేపబొమ్మ గీసి ఇచ్చాడు. అవసరమవుతుందేమోనని ఇంకొకటి కూడా ఇచ్చాడు. హాలు కిటికీల నిండా జనం. లచ్చన్న ముందు వరసలో ఉన్నాడు. అందరికంటే ముందు మంగరాజు ఉన్నాడు. ఆయన రెండెడ్ల బండి కట్టుకుని మరీ వచ్చాడు.

"బండి ఎందుకు మావయ్యా?"

"నీ ట్రంకుపెట్టె మొయ్యాలి గదరా" అన్నాడు మంగరాజు, ప్రేమగా. "పరుపు కూడా తెచ్చాను. దారిలో పడుకుందువు గాని."

మన్మథరావు బండి వైపు చూడకుండా బల్ల దగ్గరికి నడిచాడు.

ఇన్‌స్పెక్టరుగారు గడియారం బల్లమీద పెట్టారు. "ఎవరూ సాయం చేయకూడదు. ఎవరూ నోరు విప్పకూడదు" అన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మత్స్యలింగం రెండు చేతులూ కట్టుకుని, పెదాలు లోపలికి మడుచుకున్నాడు.

మన్మథరావు గీతలు గీశాడు. తోడుచెక్క బిగించాడు. అంతవరకూ బాగానే ఉంది. గాడిచిత్రిక చేత్తో పట్టుకుని చేపబొమ్మ వైపు చూశాడు. ఎక్కడో బండి ఎడ్ల మెడలో గంటలు మోగాయి. మూడు నెలలు నేర్చుకున్నది ఆ చప్పుడులో కొట్టుకుపోయింది. చేప ఈదుతున్నట్టు కనిపించింది. తల ముందు, తోక వెనక. ఎటు ఈదుతోందో అటు తోయాలి కాబోలు అనిపించింది. మరి పలకని నిమరలేదు. తల వైపుకి తోశాడు.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. మత్స్యలింగానిది. మన్మథరావు ఇంకోసారి తోశాడు. ఈసారి దగ్గు పెద్దదయింది, తుమ్ముగా మారింది, మూలుగుగా మారింది. "ఎవరయ్యా ఆ జబ్బు మనిషి? బయటికి పంపండి" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. మన్మథరావు మూడోసారి తోశాడు.

పరక్ మంది.

జానెడు పెచ్చు లేచింది. గాడి అంచు పొడుగునా పలక ఒళ్ళు చీరుకుపోయి పచ్చిగా కనిపించింది. సోమయాజులుగారు కళ్ళు మూసుకుని "శివ శివ" అన్నారు. మంగరాజు నిట్టూర్చి, పరుపు సర్దడానికి లేచాడు. ఇన్‌స్పెక్టరుగారు నోటుబుక్కు తెరిచి కలం మూత తీశారు.

"బావూ, ఒక్క మాట."

మత్స్యలింగం గుమ్మం వదిలి బల్ల దగ్గరికి వచ్చేశాడు.

"నోరు విప్పకూడదని చెప్పానా లేదా?"

"పరిచ్చ ఆయనిది బావూ. తప్పు నాది. తప్పు సేసినోడు నోరు ఇప్పకపోతే ఎలాగండి?"

"నీ తప్పేమిటి?"

"ఆ సేప నాను గీసినాను. తిరగేసి గీసేసినాను. తల ఉండాల్సినకాడ తోక, తోక కాడ తల. మేష్టారు నా బొమ్మని నమ్మి తోసినారు. ఆ పెచ్చు ఆయనిది కాదండి, నాది."

ముందుగా లచ్చన్న పగలబడి నవ్వాడు.

"ఓరి దేముడో! తలెటో తోకెటో మత్స్యలింగం మావకి తెలీనేదంటర్రా!"

ఇక హాలంతా నవ్వే. కిటికీల్లోంచి నవ్వు, వసారాలో నవ్వు. ఎన్నేళ్ళుగానో ఆ ప్రశ్న వేయించుకున్న ఊరు ఊరంతా ఒకేసారి జవాబు చెప్పుకున్నట్టు నవ్వింది. మత్స్యలింగం మధ్యలో కండువా నలుపుకుంటూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క పెచ్చు లేస్తే గంజి మానేసిన మనిషి, జానెడు పెచ్చుని నాదంటే నాదని పట్టుకుని నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరుగారు పలక మీదికి వంగారు. చేప ముందుకి చూస్తోంది, మేష్టరు ముందుకే తోశాడు. బొమ్మ తప్పనే ఆయనకీ తోచింది.

"ఎన్నేళ్ళుగా చేస్తున్నావు ఈ పని?"

"ముప్పై దాటింది బావూ. కళ్ళు ముసిలివైపోనాయి."

"హూఁ. ఇంకో పలక ఉందా?"

"ఉందండి."

"దాని మీదైనా చేప సరిగ్గా ఉందా?"

"నన్నడక్కండి బావూ. ఇయ్యాల నా మాట సెల్లదు. మేష్టార్నే నిమిరి సెప్పమనండి."

మన్మథరావు రెండో పలక మీద వేళ్ళ వెనకవైపు ఆనించాడు. కళ్ళు మూశాడు. ఎడ్ల గంటలు వినిపించలేదు, నవ్వులూ వినిపించలేదు. ఇటు జారింది. అటు ఆగింది. ఇటు పట్టు, అటు పొలుసు. కళ్ళు తెరిచాడు. గీతలు గీశాడు, కర్రకి మాటిచ్చాడు, ఉల్లిపొర చొప్పున తోశాడు. ఇన్‌స్పెక్టరుగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు, ఒకసారి ఆవలించారు. మన్మథరావు తొందరపడలేదు. చివరి ఉంగరం రాలి పడేటప్పటికి గాడి, పలకకి పుట్టుకతోనే ఉన్నట్టుంది.

ఇన్‌స్పెక్టరుగారు గోటితో అంచు పొడుగునా రాసి చూశారు. గోరు ఎక్కడా ఆగలేదు. కాగితం మీద సంతకం చేశారు.

మంగరాజు వచ్చి తనూ వేలు పెట్టి చూశాడు. ఒకసారి ఇటునుంచి అటు, ఒకసారి అటునుంచి ఇటు. "ఇదెవరు, నువ్వే తీసావేటి?" అన్నాడు. కళ్ళారా చూసి కూడా అడిగాడు. తరవాత గొంతు సవరించుకుని, "మరి బండి ఖాళీగా ఎల్లాలా?" అన్నాడు. పరుపుని మాత్రం దించి మేనల్లుడి గదిలో వేయించి వెళ్ళాడు.

జనం వెళ్ళిపోయాక హాల్లో మన్మథరావు ఒక్కడే మిగిలాడు. పాడైన పలకని మూలన పెట్టబోతూ, అలవాటు కొద్దీ నిమిరాడు. చేప తల నుంచి తోకకి. చెయ్యి నీళ్ళలా జారింది. నమ్మలేక మళ్ళీ నిమిరాడు. తోక నుంచి తలకి. గరగరమంది.

బొమ్మ సరిగ్గానే ఉంది.

పలక చంకన పెట్టుకుని, చెప్పులు కూడా మరిచిపోయి పాకకి పరిగెత్తాడు. మత్స్యలింగం అప్పుడే ఆకు ముందు కూర్చున్నాడు. కొండలమ్మ పెనం మీద అట్లు పోస్తోంది.

"బాబాయ్, చేప సరిగ్గానే గీశారు!"

"ఏ సేప?"

"నేనే ఎదురు తోశాను. రేపు బళ్ళో అందర్నీ పిలిచి చెప్పేస్తాను. లచ్చన్న మొహం మీదే చెప్తాను."

"కూకోండి బావూ. అరవకండి. ఇనిస్పెట్రుగారు ఊరు దాటేసి ఉంటారు, కాయితం మీద సంతకం అయిపోనాది."

"మరి మీ పేరు?"

"నా పేరుకేటి? ఆ హాల్లో ఎవుడిదో ఒకడిది పెచ్చు లేవాల. మీది లేత కర్ర, ఇప్పుడు లేస్తే ఇంకెప్పుడూ అతకదు. నాది సేవదేరిపోనాది. నాలుగు రోజులు నవ్వుతారు, ఐదో రోజుకి మంచం కాలిరిగితే నా కాడికే ఒస్తారు."

"కాదు బాబాయ్, నేను ఒప్పుకోను. చెప్పి తీరతాను."

పెనం మీది అట్టు వదిలేసి కొండలమ్మ గరిటెతో సహా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"మేష్టారూ, మీకు దణ్ణం ఎడతాను. ఆ మాట ఊరికి సెప్పకండి."

"అదేమిటి పిన్నీ? ఊరంతా ఆయన్ని చూసి నవ్వుతోంది!"

"నవ్వనీయండి. నాను ఈ ఇంటికొచ్చి ముప్పై ఏళ్ళయింది. ఒంకాయ కోస్తే వంక. అట్టు తిరగేస్తే వంక. ముగ్గెడితే కూడా ఎనక నిలబడి సూస్తాడు. ముప్పై ఏళ్ళనుంచి దేవులాడతన్నాను, ఈయన తప్పు ఒక్కటి దొరకనేదు నాకు. ఇయ్యాల్టికి భగమంతుడు ఒకటిచ్చాడు. ఊరంతా సాచ్చికం. దాన్నీ మీరే పట్టుకుపోతానంటే ఎలాగండి? మీకు ఉజ్జోగం ఒచ్చింది గదా, నాకు ఇదైనా ఉండనీయండి!"

మత్స్యలింగం ఆకువైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏమో తలవంచుకున్నాడు కాబట్టి తెలియలేదు.

వీధి గుమ్మం దాకా సాగనంపుతూ కొండలమ్మ గొంతు తగ్గించింది.

"ఆయన సేప తిరగబడదని నాకు తెల్దేటి మేష్టారూ? కబురు ఇన్నప్పుడే తెల్సింది. ఆయనతో మాత్రం అనకండి."

మన్మథరావు నాలుగడుగులు వేసేలోగా పాకలోంచి మాడిన అట్టు వాసన వచ్చింది. వెనకే ఆకులో ఏదో ముక్కలుముక్కలుగా పడిన చప్పుడు. ఆ తరవాత కొండలమ్మ గొంతు, వీధి చివరిదాకా వినిపించేలా.

"ఏటా సూపు? నోరుమూసుకుని తిను. ఇయ్యాలనుంచి ఈ ఇంట్లో సేపలు నాను గీస్తాను!"